నలభై ఆరేళ్ళకి నా ఒంటిని నేను పట్టించుకున్న ఏడాది

పోయిన ఏడాది మా ఇంట్లో మార్పులన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి వచ్చాయి. ఆగస్టులో పెద్దమ్మాయి వరంగల్ ఎన్ఐటీ హాస్టల్‌కి వెళ్ళింది. దసరా లోపలే ప్రొద్దుటూరులో మా మామగారు పోయారు. కర్మలన్నీ అయ్యాక అక్కడి ఇంటికి తాళం వేసి, అత్తమ్మను మాతోపాటు బెంగళూరు తీసుకొచ్చేశాం. బసవనగుడిలో మాది రెండు బెడ్‌రూముల అద్దె ఇల్లు. పిల్లల గది అత్తమ్మకి ఇచ్చాం. పదో తరగతి చదివే మా అబ్బాయి పుస్తకాలు హాల్లోకి వచ్చాయి. నేను ఒక కంపెనీలో పేరోల్ టీంలో పని చేస్తాను. మా క్లయింట్లు అమెరికావాళ్ళు. రాత్రి తొమ్మిదికి మొదలయ్యే కాల్స్ ఒక్కోసారి పదకొండు దాటుతాయి.

అప్పటికే నా పీరియడ్స్ లెక్క తప్పుతున్నాయి. ఒకసారి మూడు వారాలకే వచ్చేవి, ఇంకోసారి రెండు నెలలు పత్తా ఉండేది కాదు. వచ్చాయంటే మాత్రం గడ్డలు గడ్డలుగా, గంటకో ప్యాడ్ మార్చుకోవాల్సినంత. ఆ రోజుల్లో ఆఫీసుకి ముదురు రంగు బట్టలు తప్ప వేసుకునే ధైర్యం లేదు. రాత్రి నిద్రలో ఛాతీ దగ్గర మొదలై మెడ మీదుగా ముఖం దాకా సెగ ఎక్కేది. నైటీ తడిసిపోయేది. రెండు నిమిషాలకి మళ్ళీ చలి. మూడింటికి మెలకువ వస్తే తెల్లారేదాకా కన్ను మూతపడేది కాదు. రెండో అంతస్తు ఎక్కేసరికి గుండె దడ. పొద్దున్నే చేతివేళ్ళు బిగుసుకుపోయి ఉండేవి. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న జీతాల లెక్కలో, చూసిన అంకెనే మళ్ళీ మళ్ళీ చూసుకోవాల్సి వచ్చేది.

"ఇంత చలిలో ఫ్యాను ఎందుకమ్మే?" అని అత్తమ్మ అడిగేది. ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు.

చుట్టూ ఉన్నవాళ్ళందరి దగ్గరా ఒక్కో కారణం సిద్ధంగా ఉంది. కూతురు దూరమైంది కదా, బెంగ. ఇంట్లో పెద్దాయన పోయారు కదా, ఆ దిగులు. కొత్తగా అత్తగారు వచ్చారు కదా, సర్దుకోవడానికి టైం పడుతుంది. ఆఫీసులో పని ఎక్కువ కదా, టెన్షన్. ఇవన్నీ నిజమే. నిజమైనవి కాబట్టే ఒంట్లో జరుగుతున్నది వాటి వెనక దాక్కుంది. ఆఫీసు దగ్గర ఒక క్లినిక్‌లో చూపించుకుంటే అక్కడి డాక్టర్ కూడా ఐదు నిమిషాల్లో "ఈ వయసులో మామూలే, ఇంట్లో స్ట్రెస్ తగ్గించుకోండి" అని మల్టీవిటమిన్ రాసి పంపారు. రక్త పరీక్ష మాట కూడా రాలేదు.

ఊరి నుంచి వచ్చిన సలహా ఇంకా సూటిగా ఉంది. "గర్భసంచి తీయించేసుకో, పీడ పోతుంది" అని పిన్ని, మేనత్త, పక్కింటి అక్క, అందరూ అదే మాట. వాళ్ళలో చాలామంది అలాగే తీయించుకున్నారు. మా వైపు ఇది ఎంత మామూలో చెప్పడానికి లెక్కలూ ఉన్నాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద వందకి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. యాభై కూడా నిండని ఆడవాళ్ళ సంగతి ఇది. చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే ఆ తొమ్మిదిమందిలో నాకు ముఖాలు కనిపించాయి.

నా పక్క సీట్లో పనిచేసే కన్నడావిడ నాకంటే మూడేళ్ళు పెద్ద. ఒకరోజు క్యాంటీన్‌లో నేను కాగితంతో విసురుకుంటుంటే, ఏం అడగకుండానే తను చూపించుకునే గైనకాలజిస్ట్ పేరు చెప్పింది. "వెళ్ళేముందు రాసుకుని వెళ్ళు, అక్కడికెళ్ళి కూర్చుంటే సగం మర్చిపోతాం" అంది. ఈ ఏడాది మొత్తంలో నాకు అందిన అతి విలువైన సలహా అదే. ఒక చిన్న డైరీ పెట్టాను. ఏ తేదీన మొదలైంది, ఎన్ని రోజులుంది, రోజుకి ఎన్ని ప్యాడ్లు, గడ్డలు ఎంత పెద్దవి, రాత్రి ఎన్నిసార్లు ఆ సెగలు, అంటే ఆవిర్లు వచ్చాయి, ఎన్ని గంటలు పడుకున్నాను. ఇంకో పేజీలో ఇంటి విషయాలు: ఏ రోజు ఏం జరిగితే ఏడుపొచ్చింది, ఏ రోజు ఊరికే వచ్చింది. రెండు పేజీలూ పక్కపక్కన చూసుకుంటే నాకే కొన్ని తేలాయి. కోపం ఎక్కువగా నిద్ర లేని రాత్రి మర్నాడే వస్తోంది. గుండె దడ మాత్రం ఇంట్లో ఏ గొడవా లేని రోజుల్లో కూడా ఉంది.

ఆ డాక్టర్ డైరీ అంతా ఓపిగ్గా చదివారు. నా వయసు, ఈ లక్షణాలు చూస్తే ఇది పెరిమెనోపాజ్ అని చెప్పారు. వరసగా పన్నెండు నెలలు పీరియడ్స్ రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. దానికి ముందు కొన్నేళ్ళపాటు నడిచేది ఈ దశ. మన దేశంలో మెనోపాజ్ సగటున 46, 47 ఏళ్ళకే వస్తుందట, పాశ్చాత్య దేశాల్లో 51 దాకా పడుతుంది. అంటే నలభై దాటిన దగ్గర్నుంచే చాలామందికి ఇది మొదలైపోతుంది. హార్మోన్ పరీక్ష చేయించాలా అని అడిగాను. 45 దాటినవాళ్ళకి ఈ లక్షణాలుంటే మామూలుగా అది అక్కర్లేదు, ఆ అంకె రోజుకో రకంగా ఉంటుంది కాబట్టి దాన్ని చూసి తేల్చేదేమీ లేదు అన్నారు.

రక్తం అంత ఎందుకు పోతోందో కూడా ఆవిడే బొమ్మ గీసి చెప్పారు. అండం విడుదల కావడం ఒక నెల ఉండి ఒక నెల లేకపోవడంతో ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ సరిగ్గా తయారవదు. ఈస్ట్రోజెన్ అనే ఇంకో హార్మోన్ మాత్రం గర్భాశయం లోపలి పొరను పెంచుకుంటూ పోతుంది. అలా మందంగా పెరిగిన పొర ఒక్కసారిగా ఊడితే అంత రక్తం. ఆవిర్లకి కారణం వేరు. ఈస్ట్రోజెన్ హెచ్చుతగ్గుల వల్ల మెదడులో ఒంటి వేడిని చూసుకునే భాగం కాస్త తేడాకే ఉలిక్కిపడి చెమట పట్టిస్తుంది. ఇంతకాలం నా మనసు బాగోలేదని అందరూ అంటున్నదానికి ఒంట్లో ఇంత పెద్ద కథ ఉందని విన్నాక, ఆ కుర్చీలోనే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

పరీక్షలు రాశారు: బ్లడ్ కౌంట్, ఫెరిటిన్, థైరాయిడ్, షుగర్, విటమిన్ డి, బి12, దానితోపాటు లోపలి నుంచి చేసే స్కానింగ్. హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. ఆడవాళ్ళకి 12 కంటే తగ్గితేనే రక్తహీనత అంటారు. ఫెరిటిన్, అంటే ఒంట్లో దాచిపెట్టుకున్న ఇనుము, దాదాపు అడుగంటింది. దడ, ఆయాసం, చిరాకు, మెట్లెక్కలేకపోవడం, వీటిలో పెద్ద భాగం దీనివల్లే. మన దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగం కంటే ఎక్కువమందికి రక్తహీనత ఉందని కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. అంతమందికి ఉంటే అది ఎవరికీ జబ్బులా కనిపించదు. "ఆడవాళ్ళకి నీరసం మామూలే" అనే మాట పుట్టింది అందుకే అనిపిస్తుంది నాకు.

స్కానింగ్‌లో చిన్న ఫైబ్రాయిడ్ (గర్భాశయంలో పెరిగే, క్యాన్సర్ కాని గడ్డ) ఒకటి, లోపలి పొర కొంచెం మందంగా ఉన్నట్టు కనిపించింది. 45 దాటాక ఇలా అసాధారణంగా రక్తం పోతుంటే ఆ పొర ముక్క తీసి బయాప్సీకి పంపడం అవసరం అన్నారు. బయాప్సీ అనే మాట వినగానే నాకు వేరే ఏదీ వినిపించలేదు. మావారికి ఆ రోజు రాత్రే చెప్పాను. ఆయన మాట్లాడకుండా లీవ్ పెట్టుకుని వచ్చారు. సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో ఓపీలోనే చేశారు. ముందే నొప్పి మాత్ర వేసుకోమన్నారు. పీరియడ్స్ మొదటిరోజు నొప్పికి రెండింతలుంటుంది, కానీ కొద్ది నిమిషాలే. చేయించుకోబోయేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, తోడు ఒకరిని తీసుకెళ్ళండి, ఆ రోజు ఆఫీసుకి తిరిగి వెళ్ళే ప్రోగ్రాం పెట్టుకోకండి.

రిపోర్ట్ వచ్చేదాకా గడిచిన రోజులు ఈ ఏడాదిలోకెల్లా కష్టమైనవి. పాపకి ఫోన్‌లో మామూలుగా మాట్లాడటం, అబ్బాయికి బాక్స్ కట్టడం, అత్తమ్మకి బీపీ మాత్ర ఇవ్వడం అన్నీ చేశాను. ఏ పని చేస్తున్నా ఆ కాగితమే తలలో. రిపోర్ట్‌లో క్యాన్సర్ లేదని, దాని ముందు దశ కూడా కాదని వచ్చింది. మావారు హాస్పిటల్ కారిడార్‌లోనే నా చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నారు. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో బయట నలుగురిలో ఆయన అలా కూర్చోవడం నేను చూడలేదు.

వైద్యం సంగతి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఆపరేషన్ తప్ప దారి లేదనుకునే ఆడవాళ్ళు మావైపు చాలామంది ఉన్నారు. నా ముందు పెట్టిన దారులు నాలుగు. రక్తం ఎక్కువ పోయే రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు. గర్భాశయంలో అమర్చే, ప్రొజెస్టిరాన్ రకం హార్మోన్‌ను కొంచెం కొంచెం వదిలే చిన్న పరికరం. లోపలి పొరను కాల్చేసే పద్ధతి. ఇవేవీ పని చేయకపోతే ఆపరేషన్. నేను పరికరం ఎంచుకున్నాను. అమర్చాక మొదటి కొన్ని నెలలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తూనే ఉంటుందని డాక్టర్ ముందే చెప్పారు, అలాగే ఉంది, విసుగు కూడా వచ్చింది. తర్వాత తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు దాదాపు లేనట్టే.

ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు వేసుకోమన్నారు, అలా అయితే ఒంటికి బాగా పడుతుందట. కాఫీ తాగిన గంటలోపు వేసుకోకూడదు, నిమ్మరసంతో వేసుకుంటే మంచిది, కాల్షియం మాత్రతో కలిపి అసలు వద్దు. పొద్దున లేవగానే ఫిల్టర్ కాఫీ లేనిదే నాకు రోజు మొదలవదు కాబట్టి ఐరన్‌ను రాత్రికి మార్చుకున్నాను. హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా ఇంకో మూడు నెలలు ఆపొద్దన్నారు, అడుగంటిన నిల్వ నిండాలి కదా.

రక్తం పెరిగినా ఆవిర్లు మాత్రం తగ్గలేదు. అప్పుడు హార్మోన్లనే మందుగా ఇచ్చే హార్మోన్ థెరపీ మాట వచ్చింది. నాకు భయం వేసింది. ఆ భయం ఎక్కడిదో డాక్టరే చెప్పారు. 2002లో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో హార్మోన్లు వాడినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్, పక్షవాతం ముప్పు కొంచెం పెరిగిందని వార్తలొచ్చి ప్రపంచమంతా ఆ మందులు వాడటం తగ్గిపోయింది. అయితే ఆ అధ్యయనంలో పాల్గొన్నవాళ్ళ సగటు వయసు 63. అరవై లోపు ఉండి, మెనోపాజ్ వచ్చి పదేళ్ళు దాటనివాళ్ళలో, వేరే జబ్బులు లేకపోతే ముప్పు కంటే మేలే ఎక్కువని ఇప్పుడు చాలామంది నిపుణులు చెప్తున్నారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళకి, రక్తం గడ్డలు కట్టిన చరిత్ర ఉన్నవాళ్ళకి ఇది పనికిరాదు. మా అమ్మవైపు, నాన్నవైపు ఎవరికి ఏ జబ్బులున్నాయో మొత్తం అడిగి, బీపీ చూసి, రొమ్ముకి తీసే ఎక్స్‌రే, అంటే మామోగ్రామ్ చేయించాకే నాకు చర్మానికి రాసుకునే ఈస్ట్రోజెన్ జెల్ రాశారు. గర్భసంచి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడకూడదు, దానికి తోడు ప్రొజెస్టిరాన్ ఉండాలి. నాకు ఆ పని లోపలి పరికరమే చేస్తోంది. కొన్ని వారాలకి రాత్రి ఆవిర్లు తగ్గాయి.

నిద్ర మాత్రం మందుతో పూర్తిగా రాలేదు. నెలల తరబడి పక్క మీద మేలుకుని ఉండటం అలవాటయ్యాక, పక్క చూస్తేనే ఒళ్ళు మేలుకుంటుందని తర్వాత నేను కలిసిన కౌన్సెలర్ చెప్పింది. ఇక్కడి పెద్ద మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కి బీటీఎం లేఔట్‌లో వెల్‌బీయింగ్ సెంటర్ ఒకటి ఉందని, మానసికంగా అలిసిపోయిన మామూలు మనుషుల కోసమే దాన్ని పెట్టారని తెలిసి అక్కడికి వెళ్ళాను. పెద్ద హాస్పిటల్‌కి వెళ్తున్నానంటే ఇంట్లో ఏమనుకుంటారో అనే సంకోచం ఆడవాళ్ళలో చాలామందికి ఉంటుంది. ఫోన్‌లో మాట్లాడాలనుకునేవాళ్ళకి కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. నంబర్ 14416, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

నిద్రకి నాకు ఇచ్చిన పద్ధతి వినడానికి వింతగా ఉంటుంది. నిద్ర ముంచుకొస్తేనే పక్క ఎక్కాలి. ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే టైంకి లేవాలి, ఆదివారం కూడా. పడుకున్నాక సుమారు ఇరవై నిమిషాలు నిద్ర పట్టకపోతే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చుని, మళ్ళీ కళ్ళు మూతలు పడుతుంటేనే రావాలి. గడియారం చూడకూడదు. మధ్యాహ్నం కునుకు లేదు. మొదట్లో పగలంతా తల దిమ్ముగా ఉండేది. తట్టుకుని కొనసాగించాక మూడింటి మెలకువ చాలావరకు పోయింది.

అక్కడే ఇంకో మాట కూడా తేలింది. పాప వెళ్ళినందుకు బాధపడుతున్నానని ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉండేది. కష్టపడి చదివి సీటు తెచ్చుకున్న పిల్ల, సంతోషించాల్సిన విషయం. బియ్యం కొలిచేటప్పుడు చెయ్యి ఆగడం, సాయంత్రం ఆరింటికి గేటు చప్పుడు కోసం చెవి పెట్టడం, ఇవి పెద్ద విషయాలుగా నాకు అనిపించలేదు. కౌన్సెలర్ వాటినే అడిగింది, రెండు సిటింగ్‌లు వాటి గురించే మాట్లాడించింది. రక్తహీనతకి ఇనుము, ఆవిర్లకి జెల్, నిద్రకి ఆ పద్ధతి ఉన్నట్టు, ఈ వెలితికి ఏడవడం, మాట్లాడటం, టైం ఇవ్వడం తప్ప వేరే మందు లేదు. ఏది దేనివల్లో విడదీసి చూసుకోవడంతోనే నాకు సగం ఊపిరాడింది.

ఇవన్నీ చేయడానికి టైం కావాలి. ఇంట్లో అసలు గొడవ అక్కడ వచ్చింది. ఒక ఆదివారం కూర్చుని నేను రోజూ చేసే పనులన్నీ కాగితం మీద రాశాను. వంట, బట్టలు మాత్రమే కాదు, గుర్తుపెట్టుకునే పనులు కూడా. గ్యాస్ బుకింగ్, అత్తమ్మ మాత్రలు ఎప్పుడు అయిపోతాయి, అబ్బాయి స్కూల్ మెసేజ్‌లు, పనమ్మాయి సెలవులు, పాప హాస్టల్ ఫీజు, మామగారి మాసికాల తేదీలు, బంధువుల పెళ్ళిళ్ళకి చదివింపులు. కాగితం రెండువైపులా నిండింది. మావారు దాన్ని చదివి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత పెన్ను తీసుకుని కొన్నింటి పక్కన టిక్ పెట్టారు. వాళ్ళమ్మ మందులు, హాస్పిటల్, సరుకులు, వారంలో మూడు రోజులు సాయంత్రం టిఫిన్. "సాయం చేస్తాను" అని అనలేదు, "ఇవి నావి" అన్నారు. ఆ రెండు మాటలకీ చాలా తేడా ఉంది. సాయమైతే ప్రతిసారీ నేనే గుర్తు చేయాలి.

అత్తమ్మకి నచ్చలేదు. కొడుకు దోసెలు పోస్తుంటే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "మగోడు పొయ్యి కాడ నిలబడితే చూసేదానికి బాగుంటాదా? నేనింకా బతికే ఉండాను గదా" అనేది. ఆ మాటల్లో కోపం కంటే దిగులే ఎక్కువగా వినిపించేది నాకు. యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి పోయాడు, ఇల్లు పోయింది, కొత్త ఊళ్ళో భాష రాదు. ఇక వంటగదిలో కూడా తన చోటు లేదంటే ఎలా ఉంటుంది? ఇంట్లో జీవితం మారిపోయిన ఆడది నేనొక్కదాన్నే కాదు.

నా బయాప్సీ సంగతి అత్తమ్మకి చెప్పాలనుకోలేదు, కానీ హాస్పిటల్ ఫైల్ చూసి అడిగింది. చెప్పాను. చాలాసేపు వింది. తర్వాత తన సంగతి చెప్పింది. ముప్పై ఆరేళ్ళకి ఇలాగే రక్తం పోతుంటే గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేశారట. "ఎందుకు తీసినారో నాకు తెలీదు. నన్నెవురూ అడగలా. వారం తిరక్కుండానే నీళ్ళు మోసినా" అంది. ఆ తర్వాత కొన్నేళ్ళు తనకీ ఇలాగే ఒళ్ళు మండిపోయేదట. దెయ్యం పట్టిందని తాయెత్తు కట్టించారట. అండాశయాలు తీసేస్తే మెనోపాజ్ రాత్రికి రాత్రే వచ్చి పడుతుంది. అంత చిన్న వయసులో అలా జరిగితే ఎముకలకి, గుండెకి దెబ్బ. ముప్పై ఆరేళ్ళ ఆ అమ్మాయికి ఒక్కరైనా ఈ సంగతి చెప్పి ఉంటే అని తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో మండుతుంది.

రెండేళ్ళ కిందట వాకిట్లో కాలు జారి అత్తమ్మ మణికట్టు విరిగింది. పెద్ద పడటమేమీ కాదు. ఇప్పుడు ఆ ముక్కలన్నీ కలిశాయి. మావారు ఆవిడకి ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ చేయించారు. టీ-స్కోర్ మైనస్ 2.9. మైనస్ 2.5, అంతకంటే తక్కువ ఉంటే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు. ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే మందు మొదలుపెట్టారు. ఫిజియోథెరపిస్ట్ ఇంటికొచ్చి ఇద్దరికీ వ్యాయామాలు నేర్పింది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడకి చేతులానించి తోయడం, మడమలెత్తడం అత్తమ్మకి. నాకు వాటితోపాటు బరువులు. నడక ఒక్కటే చాలదు, కండరాలకి బలం వచ్చే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తోంది.

తిండి విషయంలో మా ఇంట్లో కొత్తగా తెచ్చుకున్నదేమీ లేదు. రాగుల్లో 100 గ్రాములకి సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క ప్రకారం మాలాంటివాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాములు, పీరియడ్స్ ఆగాక 1200 కావాలి. సీమలో సంగటి తిని పెరిగినవాళ్ళం, ముద్ద తినే ఊరికొచ్చి గోధుమ చపాతీలకి మారిపోయాం. అత్తమ్మే మళ్ళీ కట్టె తెడ్డు తెప్పించుకుని సంగటి కెలకడం మొదలుపెట్టింది. చనిక్కాయల చట్నీ, పెరుగు, రోజూ ఒక పూట పప్పో గుడ్డో. వంటింట్లో తన చోటు తనకి దొరికింది. కొడుకు దోసెల మీద గొణుగుడు కూడా తగ్గింది.

నా నడక లాల్‌బాగ్‌లో. పొద్దున ఆరున్నరకి వెళ్తే కెంపేగౌడ గోపురం ఉన్న బండ మీద ఊరి జనమంతా ఉంటారు. ఆ బండ దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటిదని అక్కడి ఫలకం మీద ఉంటుంది. హిమోగ్లోబిన్ 8.6 ఉన్న రోజుల్లో సగంలో కూర్చుండిపోయేదాన్ని. ఇప్పుడు ఆగకుండా పైదాకా వెళ్ళి, మాట్లాడుతూ దిగుతున్నాను. ల్యాబ్ రిపోర్ట్ కంటే నాకు ఆ బండే నమ్మకం. సాయంత్రాలు అత్తమ్మ మా వీధి పార్కులో కూర్చుంటుంది. చిత్తూరు, అనంతపురం నుంచి పిల్లల దగ్గరికొచ్చిన ఆవిడ వయసువాళ్ళు అక్కడ కలిశారు. కన్నడ అక్షరాలు మన అక్షరాలకి ఎంత దగ్గరో చూపించాక బస్సు బోర్డులు కూడబలుక్కుని చదువుతోంది. ఆధార్‌లో ఇక్కడి అడ్రస్ మార్పించాం కాబట్టి కర్ణాటక ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం ఇచ్చే శక్తి పథకం కింద బస్సులో టికెట్ డబ్బులు కూడా కట్టక్కర్లేదు. వాళ్ళంతా కలిసి గుళ్ళకి వెళ్తున్నారు.

ఆఫీసులో అడగడం అన్నిటికంటే కష్టమనిపించింది. మా మేనేజర్ నాకంటే పదేళ్ళు చిన్న అబ్బాయి. అన్నీ విడమరిచి చెప్పలేదు. రక్తహీనతకి వైద్యం జరుగుతోంది, నిద్ర వేళలు మార్చుకోమని డాక్టర్ రాశారు, రాత్రి కాల్స్ వారంలో రెండే తీసుకుంటాను, మిగతావి టీంలో వంతులవారీగా పంచుదాం అన్నాను. ప్రతిపాదన రాసి ముందు పెట్టాను. ఒప్పుకున్నాడు. టీంలో ఇద్దరు అమ్మాయిలు తర్వాత వచ్చి తమకీ అదే కావాలని అన్నారు. 2025లో కర్ణాటక ప్రభుత్వం 18 నుంచి 52 ఏళ్ళ ఉద్యోగినులకి నెలకొక రోజు జీతంతో నెలసరి సెలవు ఇవ్వాలని నిర్ణయించింది. 52 అని పెట్టడం నాకు బాగా నచ్చింది. మా వయసువాళ్ళని కూడా ఎవరో లెక్కలోకి తీసుకున్నారు.

మిగిలిన రాత్రుల్లో దొరికిన టైంలో సంగీతం మళ్ళీ మొదలుపెట్టాను. చిన్నప్పుడు వర్ణాల దాకా వచ్చి పదో తరగతిలో ఆపేశాను. శనివారం పొద్దున మా వీధిలోనే ఒక టీచర్ దగ్గర నేర్చుకుంటున్నాను, నాతోపాటు కూర్చునేది తొమ్మిదేళ్ళ పిల్లలు. గాయన సమాజలో కచేరీలుంటే వెళ్ళి వెనక వరసలో కూర్చుంటాను. శ్వాస నిలవడం లేదని మొదట టీచర్ అంటుండేది. ఇప్పుడు పల్లవి ఒక్క ఊపిరిలో వస్తోంది.

ఇంకా కుదరనివి ఉన్నాయి. అబ్బాయి పరీక్షలు దగ్గరపడితే మళ్ళీ సాయంత్రాలన్నీ నా మీదకే వస్తాయేమో చూడాలి. చేతివేళ్ళ బిగుతు పూర్తిగా పోలేదు. జెల్ ఎంతకాలం వాడాలో ఏడాదికోసారి కూర్చుని మాట్లాడుకుందామని డాక్టర్ అన్నారు.

పోయిన వారం మా చెల్లెలు మైదుకూరు నుంచి ఫోన్ చేసింది. దానికి 41. రెండు నెలలుగా రక్తం ఆగడం లేదని చూపించుకుంటే గర్భసంచి తీసేస్తామని డేట్ ఇచ్చేశారట. అత్తమ్మ నా చేతిలో ఫోన్ లాక్కుని, "బిడ్డా, తొందరపడొద్దు. ఎందుకు తీస్తారో ముందు అడుగు" అంది. నేను అడగాల్సినవన్నీ రాసి పంపాను: హిమోగ్లోబిన్ ఎంత, స్కానింగ్‌లో ఏం కనిపించింది, బయాప్సీ అవసరమా, మాత్రలు, పరికరం ముందు ప్రయత్నించొచ్చా, ఆపరేషన్ తప్పకపోతే అండాశయాలు ఉంచుతారా. దానికి ఒక్కదానికే అక్కడ అడగాలంటే భయంగా ఉందట. శుక్రవారం రాత్రి బస్సుకి అత్తమ్మ, నేను బయల్దేరుతున్నాం.